వాయించని వంతు

“ఈ బిడ్డకు ఇంగ మాటలు రావేమో పంకజా!”

బస్సు కాట్పాడి దాటాక మునిరామయ్య నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. పొద్దుననగా వేలూరు ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచి ఆ మాటను పళ్ళ వెనకే ఆపుకుని ఉన్నాడు. పంకజాక్షి ఒళ్ళో రెండున్నరేళ్ళ అలివేలు మాత్రం కిటికీ ఊచ పట్టుకుని, ఎదురొచ్చే బెల్లం లారీలను ఒక్కొక్కదాన్నే తల తిప్పి చూస్తూ నిమ్మళంగా ఉంది.

“డాక్టరమ్మ చెప్పింది మీరూ విన్నారు కదా? చెవులు బాగుండాయంట, నాలుక బాగుండాదంట. కాచుకోండి అనింది,” అంది పంకజాక్షి.

“కాచుకోమనేది ఒక మందా? ఆ ముక్క చెప్పేదానికి అంత చదువు కావాల్నా?”

అలివేలు ఇంకో లారీని చూసి చెయ్యెత్తింది. “లారీ! లారీనమ్మా అది. లా-రీ,” అన్నాడు మునిరామయ్య. పాప ఆయన ముఖం వైపు ఒకసారి చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది.

మునిరామయ్య చిత్తూరు కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరు. తిరుపతిలో బీయెస్సీ చదివి, అక్కడే లోలకాల ఊపులు, కటకాల దూరాలు కొలవడం నేర్చుకున్నవాడు. కొలిచి చూడనిదే ఏదీ నమ్మడు. వేలూరు పోకముందే ల్యాబులోని శ్రుతిదండాన్ని జేబులో వేసుకుని వచ్చి, పాప వెనక నిలబడి తన మోకాలికి కొట్టి మోగించి చూశాడు. పాప ఠక్కున తిరిగింది. ఎడమ చెవి వైపు అయిదుసార్లు, కుడి చెవి వైపు అయిదుసార్లు. పదికి పది. అయినా ఆయన భయం తగ్గలేదు. గ్రాఫు కాగితం మీద అడ్డంగా నెలలు, నిలువుగా మాటలు వేసుకుని, ఏ నెలకు ఎన్ని మాటలు రావాలో ఒక పుస్తకంలో చూసి గీత గీశాడు. ఆ గీత పైకి పోతూ ఉంటే, కూతురి చుక్కలు మాత్రం అడుగునే చీమల బారులా సాగుతున్నాయి. ఆ కాగితాన్ని బీరువాలో చీరల కింద దాచాడు గానీ, రోజుకు ఒకసారైనా తీసి చూడకుండా ఉండలేకపోయేవాడు.

అది డెబ్భైతొమ్మిది జనవరి. సంక్రాంతి సెలవులయ్యాక ప్రిన్సిపాలు పిలిపించాడు. ఫిబ్రవరి ఆఖరులో కాలేజీ వార్షికోత్సవం. పాటల కార్యక్రమం బాధ్యత ఈసారి మునిరామయ్యది.

“నాకు సంగీతం రాదు సార్.”

“శబ్దం మీ పాఠమే కదయ్యా,” అన్నాడు ప్రిన్సిపాలు. ఆయన లెక్కలో విషయం అక్కడితో తేలిపోయింది.

తేలనిది పిల్లకాయల దగ్గర. బెంగుళూరు నుంచి ఎవరో తెచ్చిన క్యాసెట్టు ఒకటి హాస్టల్లో అరిగిపోయేదాకా తిరుగుతోంది. ఇంగ్లీషు రాక్ పాట. నలుగురు మనుషులు గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని ఇంటి కప్పు ఎగిరిపోయేట్టు వాయిస్తారు. వార్షికోత్సవంలో ఆ పాట పడాల్సిందేనని పిల్లకాయలు పట్టుబట్టారు. చిత్తూరంతా వెతికితే దొరికిన గిటారు ఒక్కటే, దానికి రెండు తీగలు లేవు. అప్పుడు ఆఫీసులో గుమస్తా చెప్పాడు: “గ్రీమ్స్‌పేటలో బ్యాండుసెట్టు రాజారత్నం ఉండాడు సార్. వైటోళ్ళ సంగీతం కాగితం మీద రాయగలిగినోడు ఈ చుట్టుపక్కల ఆయనొక్కడే.”

రాజారత్నానికి అప్పటికి యాభై ఏడేళ్ళు. సన్నగా, పొడుగ్గా, ఫిడేలు పట్టీ పట్టీ మెడ ఎడమకి కాస్త వంగిపోయిన మనిషి. వరండాలో బ్యాండు కోట్లకు ఇత్తడి గుండీలు కుడుతున్న భార్య తాయమ్మ, వచ్చినాయనకు ముక్కాలిపీట చూపించింది. రాజారత్నం క్యాసెట్టు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, “నా దగ్గర మిషను లేదు సార్. రేడియో అంగట్లో విని చెప్తా,” అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత మునిరామయ్య పోయేసరికి వరండా నిండా కాగితాలు. అయిదు గీతల మీద నల్లగా, గుండ్రంగా, మిరియాల మాదిరి స్వరాలు.

“నలభై సార్లు విన్నా సార్. రేడియో అంగడాయన నన్ను బయటికి తరిమేసినాడు,” అని నవ్వాడు రాజారత్నం. “ఒకటి చెప్పాల. ఆ అబ్బి అంతగా అరస్తా ఉండాడు కదా, అది కోపం కాదు.”

“మరేంది?”

“బెదురు. పైన అరుపు, కింద జోలపాట. అరుపు తీసేస్తే జోలపాట బయటికొస్తాది. ఆడ వాయిస్తా ఉండేది నలుగురు. మనం పదైదు మందిమి. నలుగురు చేసే సద్దు పదైదు మంది చేస్తే సద్దు పెరగకూడదు సార్, నెమ్మది కావాల.”

ఆ లెక్క మునిరామయ్యకు అర్థం కాలేదు. చదువుకున్న ప్రకారమైతే శబ్దం పుట్టే మూలాలు పెరిగితే ధ్వని పెరగాలి.

రాజారత్నం ఈ పని నేర్చుకున్నది కోలారు బంగారు గనుల్లో. ఆయన నాయన మిషన్ బడికి గేటు కాపలా. చర్చిలో ఆర్గన్ వాయించే టీచరమ్మ కుర్రవాడి వేళ్ళు చూసి ఫిడేలు చేతికిచ్చింది. పద్దెనిమిదో ఏట గనుల్లో పనికి పోతే, అక్కడి దొరల క్లబ్బులో శనివారం సాయంత్రాలు డాన్సులకు వాయించే ఆర్కెస్ట్రాలో చోటు దొరికింది. వాయించడం కంటే రాసిపెట్టడమే ఎక్కువ. ఒక పాటను పన్నెండు వాద్యాలకు పంచి, ఎవరి వంతు వాళ్ళకు విడివిడిగా కాగితం మీద ఎక్కించాలి. చూసి రాస్తూ రాస్తూ, చూడకుండా రాయడం వచ్చేసింది. దొరలు వెళ్ళిపోయాక క్లబ్బులో డాన్సులు ఆగిపోయాయి. ఒక ఫిడేలు, ఒక రేకుపెట్టె నిండా గీతల కాగితాలు తీసుకుని చిత్తూరు వచ్చి పెళ్ళిళ్ళ బ్యాండు పెట్టాడు.

ఆ రేకుపెట్టెలో ఇప్పుడు చిత్తూరు వచ్చాక రాసిన ఇరవై మూడేళ్ళ రాత ఉంది. ఏ ఒక్కటీ రాసినట్టు ఎవరూ వాయించలేదు.

“ఎందుకని?” అని అడిగాడు మునిరామయ్య.

“రేపు సాయంత్రం రిహార్సలుకు రండి. మీకే తెలుస్తాది.”

మర్నాడు అయిదింటికి రాజారత్నం పెరట్లో పదిహేను మంది చేరారు. క్లారినెట్ చిన్నబ్బ, ట్రంపెట్లు, సాక్సఫోన్లు, చర్చి నుంచి ఇద్దరు ఫిడేలువాళ్ళు, డోళ్ళు. కార్వేటినగరం నుంచి నాదస్వరం పరంధామయ్య కూడా వచ్చాడు. అసలు పాటలో గిటారు ఒంటరిగా ఎగిరే చోట ఆయన వంతు. నాదస్వరం శ్రుతి ఎవరి కోసమూ మారదు కాబట్టి, రాజారత్నం మిగిలిన పద్నాలుగు మంది కాగితాలను దానికి తగ్గట్టు రాత్రికి రాత్రి తిరగరాశాడు.

పాట ఆఖరి చరణానికి ముందు ఒక చోటుంది. అక్కడ పదహారు లెక్కలపాటు అందరూ ఆగాలి. లెక్క అంటే నాలుగు దెబ్బలు. ఆ పదహారు లెక్కలూ రాజారత్నం ఫిడేలు ఒక్కటే, అదీ సన్నగా, ఆ జోలపాటను వాయిస్తుంది. పదహారు కాగానే అందరూ మెల్లగా లోపలికి రావాలి.

మొదటిసారి మూడో లెక్కలోనే చిన్నబ్బ క్లారినెట్ అందుకుంది. దాన్ని చూసి సాక్సఫోను, దాన్ని చూసి ట్రంపెట్టు. అయిదో లెక్కకు పెళ్ళి ఊరేగింపు గాంధీరోడ్డు దిగినట్టయింది.

రాజారత్నం ఫిడేలు కమాను దించాడు. “రే చిన్నబ్బా, నీ కాగితంలో ఆడ ఏముండాది?”

“ఏమీ లేదన్నా.”

“మరేం వాయించినావు?”

“ఏమీ లేదు కదాని, నీకు తోడుగా ఉంటాదని…” చిన్నబ్బ తల గోక్కున్నాడు. “అన్నా, నిజం చెప్తా. ఊరికే నిలబడుకోవాలంటే ఒళ్ళంతా ఎర్రచీమలు పాకినట్టు ఉంటాదన్నా. పెండ్లివాళ్ళు సూస్తా ఉంటారు. వీడు తాంబూలం తీసుకున్నాడు, టిఫను తిన్నాడు, ఇప్పుడు సూడు, పీపీ సంకలో పెట్టుకోని నిలబడుకోనుండాడు అనరా?”

“ఈడ పెండ్లి యాడుండాదిరా?”

“పెండ్లి లేదు. అలవాటు ఉండాది.”

అందరూ నవ్వారు, రాజారత్నం కూడా. తర్వాత మునిరామయ్యతో చెప్పాడు. వచ్చిన కొత్తలో బంగారుపాళ్యంలో ఒక పెళ్ళికి ఇట్లాగే రాసిచ్చి, కష్టపడి నేర్పించి, ఊరేగింపులో వాయించారట. ఇద్దరు వాయించే చోటికి రాగానే పెళ్ళికూతురి మేనమామ బండికి అడ్డం నిలబడి, “ఇద్దరితో అయ్యే పనికి పన్నెండు మంది ఎందుకప్పా?” అని మిగిలినవాళ్ళను అక్కడి నుంచే ఇంటికి పంపించేశాడు. అప్పటి నుంచి ఆయన బ్యాండులో ఎవరూ ఆగరు. ఆయన మాత్రం ఆగమని రాయడం మానలేదు.

“ఈసారి కాలేజీ కదా. పెండ్లిమామలు ఉండరు. ఒక్కసారన్నా రాసింది రాసినట్టు వినాలని ఉండాది,” అన్నాడు.

చిక్కు విప్పింది తాయమ్మ. అంటే, విప్పానని ఆమెకు తెలియదు. కొత్త చింతపండు రోజులు కావడంతో గడప దగ్గర కూర్చుని గింజలు తీస్తోంది. రాజారత్నం ఆ గింజలను చాలాసేపు చూసి, లేచి వెళ్ళి రెండు దోసిళ్ళు తెచ్చాడు. ఒక్కొక్కరికి పదహారు.

“ఎడమ జోబీలో పెట్టుకోండి. ఒక లెక్క అయితే ఒక గింజ కుడి జోబీలోకి. మీ చెయ్యి ఊరికే లేదు, పని చేస్తా ఉండాది. సరేనా?”

“అది సరేన్నా,” అన్నాడు చిన్నబ్బ, ముఖం విప్పారుతూ. “గింజలు మార్చే పని ఉండాదంటే నిలబడతా.”

ఇక అందరినీ లోపలికి పిలిచే గంట ఒకటి కావాలి. “మీరు తలూపితే చాలదా మాస్టర్?” అని అడిగాడు మునిరామయ్య.

“నేను తలూపుతానని తెలిస్తే అందరూ నన్నే సూస్తారు సార్. నన్ను సూస్తే లెక్క మానేస్తారు. పెండ్లిళ్ళు ఎరగని మడిసి కావాల. గమ్మునుండేది తెలిసినోడు. మీరు ల్యాబులో లోలకం ముందర నిలబడి లెక్కబెడతారంట కదా?”

అట్లా మునిరామయ్య బ్యాండులో చేరాడు. ల్యాబులో విరిగిన స్టాండు కమ్మి ఒకటి పడుంటే, కమ్మరి దగ్గర మూడు మూలలుగా వంచించుకుని తెచ్చాడు. దారంతో వేలాడదీసి కొడితే శుభ్రంగా మోగింది. పాట మొత్తంలో ఆయన కొట్టాల్సింది ఒకే ఒక దెబ్బ.

ఆ ఒక్క దెబ్బా మొదటి మూడు రోజులూ ముందే పడింది. పద్నాలుగో గింజకు ఒకసారి, పదమూడుకు ఒకసారి.

“నిమిషానికి అరవై ఊపులు లెక్కబెట్టినవాణ్ణి, పదహారు రావడం లేదేంది మాస్టర్?”

“లోలకం ఆగదని మీకు తెలుసు సార్. అందుకే దాన్ని నమ్మినారు. నన్ను నమ్మడం లేదు. నేను మరిచిపోతానేమో, వీళ్ళు మరిచిపోతారేమో అని మీ చెయ్యి తొందర పడతా ఉండాది.”

రెండో వారంలో ఒక సాయంత్రం పంకజాక్షి, మునిరామయ్య తల్లి కుప్పమ్మ పాపను తీసుకుని రిహార్సలు చూడటానికి వచ్చారు. పాట మధ్యలో అలివేలు తాయమ్మ వంటింటి గుమ్మం దగ్గరున్న కూజా వైపు చెయ్యి చూపించింది. అంతే. “నీళ్ళా? నీళ్ళు కావాలామ్మా?” అని పంకజాక్షి లేచింది. “దప్పికయినట్టుండాది బిడ్డకు,” అని కుప్పమ్మ చెంబు అందుకుంది. మునిరామయ్య చేతిలో కమ్మితో సహా పరుగెత్తుకొచ్చి “నీళ్ళు అను తల్లీ, నీ-ళ్ళు. సరే, ముందు తాగు,” అని గ్లాసు నోటి దగ్గర పెట్టేశాడు. పాప గుటగుటా తాగి, మూతి తుడుచుకుని, ఎవరితోనూ పని లేనట్టు వెళ్ళి డోలు పక్కన కూర్చుంది.

ఫిడేలు ఆగిపోవడం అప్పుడు గమనించాడు మునిరామయ్య. రాజారత్నం కమానుతో వాళ్ళ ముగ్గురినీ చూపిస్తున్నాడు.

“రే చిన్నబ్బా, సూడు సూడు. వీళ్ళూ మీ మాదిరే!”

“మేము వీళ్ళ మాదిరా?” అంది కుప్పమ్మ, కాస్త నొచ్చుకుని.

“అవునమ్మా. ఆ బిడ్డ కాగితంలో ఆడ ఒక వంతు రాసుండాది. మీరు ముగ్గురూ కలిసి ఆమె వంతు కూడా వాయించేసినారు. ఇంగ ఆమెకేం మిగిలింది? తాగి, మూతి తుడుచుకునేది.”

చిన్నబ్బ గట్టిగా నవ్వాడు. మునిరామయ్య నవ్వలేదు. ఆ రాత్రి బీరువాలోంచి గ్రాఫు కాగితం తీసి చూసినప్పుడు, అందులో పాప మాటలకు చుక్కలున్నాయి గానీ, వాళ్ళు ముగ్గురూ ఆమె బదులు మాట్లాడిన మాటలకు ఒక్క చుక్కా లేదని తోచింది. పెట్టాల్సి వస్తే కాగితం చాలదు.

మర్నాడే ప్రయోగం మొదలుపెట్టాడు. పాప కూజా చూపించగానే భార్యను, తల్లిని ఆపి, జేబులో చెయ్యి పెట్టి గింజలు మార్చడం మొదలుపెట్టాడు. అయిదో గింజకు పాప ముఖం ముడుచుకుంది. ఎనిమిదో గింజకు బావురుమంది.

“బిడ్డకు గొంతెండి పోతా ఉంటే జోబీలో గింజలు లెక్కబెడతావా? ఏం నాయనవురా నువ్వు!” అని కుప్పమ్మ చెంబుడు నీళ్ళూ తాగించేసింది.

మునిరామయ్య దోషిలా గ్రీమ్స్‌పేటకు వెళ్ళి ఆ సంగతి చెప్పాడు. రాజారత్నం ఫిడేలు తీగ బిగిస్తూ విన్నాడు.

“బిగదీసుకోని నిలబడుకున్నారా?”

“అవును. కదలకుండా.”

“అది ఆగడం కాదు సార్, బెదిరించడం. అందరూ ఆగిన చోట నేనేం చేస్తా ఉండా? సన్నగా వాయిస్తానే ఉండా కదా? వాళ్ళకు తోడుగా ఒక సద్దు ఉండాలని. మీరు ఆమె పక్కన కూర్చోండి. కూజాను మీరూ సూడండి. ఊ కొట్టండి, పాడుకోండి, ఏదో ఒకటి. ఆమె మాట మటుకు మీరు అనొద్దండి. ఏడ్చేదాకా పోనియ్యొద్దండి, ముందే ఇచ్చేయండి. ఈ పూట కాకుంటే ఇంకో పూట.”

ఆ తర్వాత ఇంట్లో అదే పద్ధతి. మునిరామయ్య కూజా పక్కన చతికిలబడి కూర్చుంటాడు, ఆ జోలపాటను ముక్కుతో కూనిరాగం తీస్తాడు, జేబులో గింజలు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు పోతుంటాయి. పాప ఆయన ముఖం, కూజా, మళ్ళీ ఆయన ముఖం చూస్తుంది. పదో గింజకో పన్నెండుకో ముఖం ముడుచుకోబోతే గ్లాసు ఇచ్చేస్తాడు. మాట రాలేదు. కానీ ఏడుపూ రాలేదు. కుప్పమ్మ మాత్రం పొరుగింటామెతో, “మావాడికి చదువు జాస్తి అయింది,” అని చెప్పింది.

వార్షికోత్సవం సాయంత్రం కాలేజీ హాలు కిటికీల దాకా నిండిపోయింది. పదిహేను మంది ఎర్ర కోట్లు, ఇత్తడి గుండీలు. చివర మునిరామయ్య తెల్లచొక్కాలో, చేతిలో మూడు మూలల కమ్మి. ముందు వరసలో పంకజాక్షి ఒళ్ళో అలివేలు.

పాట మొదలవగానే పిల్లకాయలు ఈలలు వేశారు. గిటార్ల గీరుడు బదులు ఫిడేళ్ళు వేళ్ళతో మీటుతుంటే, అరుపు ఉండాల్సిన చోట చిన్నబ్బ క్లారినెట్ సన్నగా సాగుతుంటే, ఈలలు కాస్త తడబడ్డాయి. పరంధామయ్య నాదస్వరం లేచినప్పుడు హాలంతా చప్పట్లు. ఆ తర్వాత ఆ చోటు వచ్చింది. అందరూ ఒక్కసారిగా ఆగారు. రాజారత్నం కళ్ళు మూసుకుని జోలపాట అందుకున్నాడు.

ఒకటి. రెండు. మూడు.

హాలు బిత్తరపోయింది. వెనక నుంచి ఎవడో, “ఏమప్పా, నిద్దరపోయినారా?” అని అరిచాడు. నవ్వులు. ప్రిన్సిపాలు కుర్చీలో కదిలి మునిరామయ్య వైపు చూశాడు. ఆరు. ఏడు. సాక్సఫోను మనిషి చెవులు ఎర్రబడ్డాయి. “మర్చిపోయినట్టుండారు, పాపం!” అని ఇంకొకడు. తొమ్మిది. మునిరామయ్య కుడిచెయ్యి కమ్మి వైపు దానంతట అదే లేచింది. కొట్టేస్తే అయిపోతుంది, అందరి పరువూ నిలబడుతుంది. ముందు వరసలో అలివేలు మెడ సాచి చూస్తోంది. ఆమె చూస్తున్నది వాయిస్తున్న రాజారత్నాన్ని కాదు. వాయించని వాళ్ళను, ఒకరి తర్వాత ఒకరిని.

మునిరామయ్య చెయ్యి దించి గింజ మార్చాడు. పది. పదకొండు.

పదమూడులో చిన్నబ్బ క్లారినెట్ పెదాల దాకా వెళ్ళింది. చిన్నబ్బ కళ్ళు గట్టిగా మూసుకుని, దాన్ని మళ్ళీ దించి, జేబులో చెయ్యి పెట్టుకున్నాడు. అప్పటికి హాలులో నవ్వులు అణిగిపోయాయి. ఫిడేలు అంత సన్నటిదని, అది వినాలంటే గమ్మునుండాలని జనానికి అర్థమైంది. పదైదు. పదహారు.

కమ్మి మోగింది. పద్నాలుగు వాద్యాలూ ఆ ఒక్క ఫిడేలు కంటే పెద్దగా లేకుండా, దాని చుట్టూ దుప్పటి కప్పినట్టు లోపలికి వచ్చాయి. మూలాలు పెరిగినా ధ్వని పెరగకపోవడం మునిరామయ్య తన చెవులతో విన్నాడు.

కార్యక్రమం అయ్యాక క్యాసెట్టు తెచ్చిన పిల్లకాయ వచ్చి, అనుమానంగా, “ఇది మా పాటేనా మాస్టర్?” అని అడిగాడు.

“మీ పాటే నాయనా. నిలబడి అరస్తా ఉంటే రవ్వంత కూర్చోబెట్టినా,” అన్నాడు రాజారత్నం. కాగితాలన్నీ వరసగా పేర్చుకుని, అంచులు సరిచేసి, తాడు కట్టాడు. చిన్నబ్బ మాత్రం, “అన్నా, ఆ పదమూడులో నా పానం పోయింది,” అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు.

అలివేలు మాట ఆ రోజు రాలేదు. ఆ వారమూ రాలేదు. మార్చి పోయి, ఎండలు ముదిరి, కూజాకు తడిగుడ్డ చుట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం వచ్చింది. మునిరామయ్య ఎప్పటిలా పక్కన కూర్చుని రాగం తీస్తున్నాడు. పదహారు గింజలూ అటు వెళ్ళాయి. పాప ఏడవలేదు. గింజలు ఇటు రావడం మొదలుపెట్టాయి. ఇరవై తొమ్మిది, ముప్పై. పాప ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, ఎంతో కాలంగా తెలిసిన మాటను ఇప్పుడు అవసరం పడి చెబుతున్నట్టు, “నీల్లు” అంది.

మునిరామయ్య గ్లాసులోకి వంచబోయి సగం నీళ్ళు కింద పోశాడు. తర్వాత గ్రాఫు కాగితం తియ్యలేదు. పాపను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని ఆ ఎండలోనే గ్రీమ్స్‌పేటకు తొక్కాడు.

“మాస్టర్! వచ్చింది! ఏదీ, అలివేలమ్మా, మాస్టర్‌కు చెప్పి సూపించు. నీళ్ళు అను, ఇంకొక్కసారి…”

“సార్, సార్,” అని రాజారత్నం రెండు చేతులూ అడ్డం పెట్టాడు. “నాటకంలో పద్యం అయినంక జనం కొట్టినట్టు వన్స్‌మోర్ కొట్టొద్దండి. ఆమె పాడింది నీళ్ళ కోసరం, మన కోసరం కాదు. మళ్ళీ దప్పికయితే మళ్ళీ అంటాది.”

మునిరామయ్య పాపను సైకిలు మీంచి దించాడు. తాయమ్మ మజ్జిగ తెచ్చింది. వరండాలో నలుగురూ కూర్చుని తాగారు. గ్లాసు ఖాళీ అయ్యాక అలివేలు దాన్ని బోర్లించి చూసి, తాయమ్మ వైపు చాచింది. ఎవరూ ఏమీ అనలేదు. పాప కూడా ఏమీ అనలేదు. కొంతసేపటికి తాయమ్మ మజ్జిగ పోసింది.

అది జరిగి ఏడేళ్ళవుతోంది. అలివేలు ఇప్పుడు బడిలో మాట్లాడినందుకు బెంచీ ఎక్కి నిలబడుతోంది. రాజారత్నం పోయి రెండేళ్ళయింది. రేకుపెట్టె చిన్నబ్బ దగ్గరుంది. ఈ మధ్య మునిరామయ్య రెండో బిడ్డకు ఏడాదిన్నర నిండింది. వాడు ఇంకా గోడ పట్టుకునే నిలబడుతున్నాడు, అడుగు వెయ్యడం లేదు. పక్కింటి బిడ్డ పదకొండో నెలకే పరుగెత్తిందని కుప్పమ్మ రోజూ గుర్తు చేస్తోంది. మునిరామయ్యకు మళ్ళీ అదే భయం. మొన్న ఆదివారం కొత్త గ్రాఫు కాగితం కొన్నాడు కూడా.

వాడు గోడ దగ్గర నిలబడి ఒక చెయ్యి వదిలి తండ్రి వైపు చూసినప్పుడల్లా, రెండు చేతులూ చాచి లాక్కోవాలనిపిస్తుంది. అప్పుడు మునిరామయ్య రెండు బారల దూరంలో నేల మీద కూర్చుని, చెయ్యి జేబులో పెట్టుకుని, ముక్కుతో ఆ రాగం అందుకుంటాడు. మజ్జిగ తాగి లేచిన ఆ మధ్యాహ్నం, సైకిలు దాకా సాగనంపడానికి వచ్చిన రాజారత్నం చెప్పింది ఇదే: “గింజలు పారెయ్యొద్దండి సార్. మీకు భయం అయినప్పుడంతా చెయ్యి జోబీలో పెట్టుకోండి. పక్కన కూర్చోని సన్నగా పాడతా లెక్కబెట్టండి. ఆ బిడ్డ వంతు మటుకు మీరు వాయించొద్దండి.”